బీబీ ఎంత లావైతే సైకిలు అంత మేలా?

వ్యాసం 1.37 అంగుళాలు. అంగుళానికి 24 మరలు. వెడల్పు 68 మిల్లీమీటర్లు. మన ఊళ్లో తిరిగే గేర్ల సైకిళ్లలో చాలావాటికి, రెండు పెడళ్ల నడుమ ఫ్రేములో ఉండే గొట్టం కొలతలు ఇవే. ఈ కొలతను బీఎస్ఏ అంటారు. ఇంగ్లండులో తుపాకులతో మొదలుపెట్టి సైకిళ్లకు వచ్చిన బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ పేరు అది. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ అమ్మిన బీఎస్ఏ ఎస్ఎల్ఆర్, లేడీబర్డ్ సైకిళ్ల మీద మనం చదివిన పేరూ అదే.

గత పాతికేళ్లలో ఈ ఒక్క కొలత పక్కన డజనుకు పైగా కొత్త కొలతలు వచ్చి చేరాయి. బీబీ30, పీఎఫ్30, బీబీ86, బీబీ90, బీబీ386, బీబీరైట్, టీ47. ఇవి కాక ఒక్కో కంపెనీ సొంతంగా పెట్టుకున్నవి వేరే ఉన్నాయి. ప్రతి కొత్త కొలతతోపాటు ఒకటే మాట వినిపించింది: ఇరుసు లావైంది, ఫ్రేము బిగువు పెరిగింది, బరువు తగ్గింది. సికింద్రాబాద్‌లో పొద్దున్నే కంటోన్మెంటు రోడ్ల మీద తొక్కేవారికి, తిరుమలగిరి నుంచి ప్యారడైజ్ దాకా సైకిలు మీద పనికి వెళ్లేవారికి ఆ మార్పుల్లో దక్కింది ఎంత? అంకెలు వేసి చూస్తే దక్కింది కొంచెమే. ఆ కొంచెంలోనూ చాలా భాగం 2003కే వచ్చేసింది. ఆ తరువాత వచ్చినవాటిలో ఎక్కువ లాభం ఫ్రేము తయారుచేసేవారిది. వాటి ఖర్చు మాత్రం తొక్కేవారి జేబులోంచి పోయింది.

ముందు ఆ గొట్టంలో ఏముందో చూద్దాం. ఎడమ క్రాంకును, కుడి క్రాంకును కలిపేది ఒక ఇరుసు. అది తేలిగ్గా తిరగడానికి రెండు వైపులా బేరింగులుంటాయి. వాటిని పట్టుకునే ఫ్రేము గొట్టం పేరు షెల్లు. ఇరుసు, బేరింగులు కలిపి బాటమ్ బ్రాకెట్. మెకానిక్కుల నోట్లో బీబీ. ఎడమ కాలు తొక్కిన బలం చైనుకు చేరాలంటే ఈ ఇరుసు మీదుగా కుడివైపుకు రావాల్సిందే. కుడి కాలి బలం అయితే నేరుగా చైన్‌వీల్‌కు పోతుంది.

పాలవాళ్లు, పేపరు వేసేవాళ్లు, వాచ్‌మన్లు నేటికీ తొక్కుతున్న నల్ల రోడ్‌స్టర్‌లో ఇది ఇంకా సాదాగా ఉంటుంది. రెండు ఉక్కు కప్పులు, మధ్యలో ఇరుసు, వైపుకు 11 చొప్పున పావు అంగుళం బాల్స్ 22, కాస్త గ్రీజు. క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది ఒక కాటర్ పిన్ను. సీలు అనేది లేదు. నీళ్లు లోపలికి పోతాయి, దుమ్ము పోతుంది, గ్రీజు నల్లబడుతుంది. అందుకే ఏడాదికోసారి విప్పి, కిరసనాయిలుతో కడిగి, బాల్స్ మార్చి, కొత్త గ్రీజు పెట్టి బిగిస్తారు. పానా, సుత్తి ఉంటే చాలు. రోడ్డు పక్కన గాలి పంపు పెట్టుకుని కూర్చున్న మెకానిక్కు కూడా అరగంటలో చేసేస్తాడు. ఈ పాత బీబీ బరువు, అది పెట్టే రాపిడి మాట ఎలా ఉన్నా, దీనికి రిపేరు చేయలేని చోటు మన దగ్గర లేదు. తరువాత వచ్చిన ప్రతి కొలతనూ నేను ముందు ఈ విషయంలోనే దీని పక్కన పెట్టి చూస్తాను.

కొలతలు ఎలా పెరిగాయి

మొదటి పెద్ద మెరుగుదల సీలు వేసిన కార్ట్రిడ్జి. నాలుగు పలకల మొనలున్న ఇరుసు, బేరింగులు, సీళ్లు అన్నీ ఒకే డబ్బాలో మూసి వస్తాయి. షెల్లు పాత 1.37 అంగుళాలదే. పాడైతే విప్పి పారేసి కొత్తది బిగించడమే. మన రోడ్ల మీది గేర్ల సైకిళ్లు ఎక్కువగా దీనితోనే నడుస్తున్నాయి. ఎవరూ దీని గురించి మాట్లాడరు. మాట్లాడాల్సినంత ఇబ్బంది అది పెట్టదు కూడా.

రెండోది షిమానో తెచ్చిన హాలోటెక్ 2. మౌంటెన్ బైకులకు 2003లో, రోడ్డు బైకులకు మరుసటి ఏడు వచ్చింది. ఇరుసు వ్యాసం 24 మి.మీ., లోపల బోలు. కుడి క్రాంకుతో కలిసే ఉంటుంది. బేరింగులు షెల్లు లోపల ఇరుక్కోకుండా బయట కప్పుల్లోకి వచ్చాయి. షెల్లు మాత్రం మళ్లీ పాతదే. బేరింగులు దూరం జరిగాయి, ఇరుసు లావైంది, బరువు తగ్గింది. ఇదంతా ఫ్రేములో ఒక్క మిల్లీమీటరు కూడా మార్చకుండానే.

తరువాతి అడుగులో ఫ్రేమే మారింది. కానన్‌డేల్ కంపెనీ తన బీబీ30ని 2006లో ఎవరైనా వాడుకోవచ్చని వదిలింది: ఇరుసు 30 మి.మీ., షెల్లు లోపలి వ్యాసం 42 మి.మీ., మరలు లేవు, బేరింగును నేరుగా ఫ్రేములోకి నొక్కి కూర్చోబెట్టాలి. ట్రెక్ 2007లో బీబీ90తో అదే దారి పట్టింది. అందులో షెల్లు వెడల్పు 90 మి.మీ., లోపలి వ్యాసం 37. షిమానో బీబీ86 అన్నదానికి వెడల్పు 86.5, వ్యాసం 41. శ్రామ్ పీఎఫ్30లో వ్యాసం 46. సెర్వెలో బీబీరైట్ వెడల్పు 79. ఎఫ్ఎస్ఏ బీబీ386కి వ్యాసం 46, వెడల్పు 86.5. 2018లో శ్రామ్ కంపెనీయే డబ్ పేరుతో ఇరుసును 28.99 మి.మీ.కి దించింది. 30 కంటే మిల్లీమీటరు తగ్గించి, ఆ చోటును మెరుగైన సీళ్లకు ఇచ్చామని చెప్పింది. లావు పెంచుకుంటూ పోయినవాళ్లు సీలు కోసం వెనక్కి తగ్గిన సందర్భం ఇది. ఈ కథలో ముఖ్యమైన మలుపు ఇదే అనుకుంటాను.

ఇరుసు మెలి తిరిగితే పోయేదెంత

బిగువు పెరిగిందన్న మాటను లెక్కలో పెట్టి చూద్దాం. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో నేర్పే మెలి సూత్రం చాలు. గట్టిగా తొక్కే ఒక రేసర్ పెడల్ మీద 600 న్యూటన్లు, అంటే సుమారు 60 కిలోల బరువంత బలం వేశాడనుకుందాం. క్రాంకు పొడవు 170 మి.మీ. అయితే ఇరుసు మీద పడే మెలిబలం 102 న్యూటన్ మీటర్లు. రెండు క్రాంకుల నడుమ ఇరుసు పొడవు 11 సెంటీమీటర్లు తీసుకుంటున్నాను.

పాత కార్ట్రిడ్జిలోని 17 మి.మీ. ఉక్కు ఇరుసు ఈ బలానికి దాదాపు ఒక డిగ్రీ మెలి తిరుగుతుంది. పెడల్ దగ్గర అది 3 మి.మీ. కదలిక. 24 మి.మీ. బోలు ఉక్కు ఇరుసు, గోడ మందం 2 మి.మీ. అనుకుంటే, అర డిగ్రీ తిరుగుతుంది. పెడల్ దగ్గర 1.4 మి.మీ. కదలిక. ఇది నిజంగానే సగానికి సగం మెరుగు. ఇక 30 మి.మీ. అల్యూమినియం ఇరుసు, గోడ మందం 3 మి.మీ. అనుకుంటే, 0.53 డిగ్రీలు. అంటే 24 మి.మీ. ఉక్కుతో దాదాపు సమానం, కాస్త ఎక్కువే తిరుగుతుంది. ఎందుకంటే మెలిని అడ్డుకోవడంలో అల్యూమినియం ఉక్కులో మూడో వంతే. లావు పెంచి ఆ లోటు పూడ్చారు, అంతే. గోడ మందం మారిస్తే ఈ అంకెలు అటూ ఇటూ కదులుతాయి గాని కథ మారదు.

మరి 30 మి.మీ. ఇరుసుతో లాభం ఏమీ లేదా? ఉంది, బరువులో. పై వ్యాసాలు, గోడ మందాలతోనే లెక్కిస్తే ప్రతి 10 సెంటీమీటర్లకు ఉక్కు గొట్టం 108 గ్రాములు, అల్యూమినియం గొట్టం 69 గ్రాములు. తేడా 40 గ్రాములు. సీసాలో రెండు గుక్కల నీళ్లు తక్కువ నింపుకుంటే ఆ బరువు తగ్గిపోతుంది.

మెలి తిరగడం వల్ల పోయే శక్తి ఎంతో కూడా చూడాలి. పాత 17 మి.మీ. ఇరుసులో, రేసర్ బలానికి, ఒక్కో ఎడమ తొక్కుడుకు నిలవ అయ్యే శక్తి 0.87 జౌళ్లు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే, అదంతా వృథా అయిందనుకున్నా 1.2 వాట్లు. నిజానికి ఉక్కు వంగి మళ్లీ యథాస్థితికి వచ్చేటప్పుడు ఆ శక్తిలో చాలా భాగం చైనుకే తిరిగి చేరుతుంది. మామూలుగా తొక్కేవారు 250 న్యూటన్లు వేసి నిమిషానికి 60 చుట్లు తొక్కితే, అంతా పోయిందనుకున్నా 0.15 వాట్లే.

బేరింగు రాపిడి సంగతీ ఇంతే. బేరింగుల తయారీదారులు వాడే సాదా సూత్రంలో రాపిడి గుణకం 0.0015. బేరింగుల మీద మొత్తం భారం వెయ్యి న్యూటన్లు, నిమిషానికి 80 చుట్లు అనుకుంటే 24 మి.మీ. ఇరుసుకు 0.15 వాట్లు, 30 మి.మీ. ఇరుసుకు 0.19 వాట్లు పోతాయి. ఇరుసు లావైతే రాపిడి తగ్గదు, కాస్త పెరుగుతుంది. సీలు వల్ల కలిగే రాపిడి దీనికి అదనం. సీలు ఇరుసును ఎంత గట్టిగా పట్టుకుంటే అంత రాపిడి, లోపలికి పోయే దుమ్ము అంత తక్కువ. షోరూములో చేత్తో తిప్పి, క్రాంకు ఎక్కువసేపు తిరిగితే మంచి బీబీ అని చూపిస్తారు. నన్నడిగితే, మన ఊరికి కాస్త బరువుగా తిరిగేదే మంచిది.

ఈ అంకెల పక్కన ఇంకో అంకె పెట్టాలి. సైకిలు, మనిషి కలిపి 85 కిలోలు, వేగం గంటకు 18 కి.మీ. గాలి సరిగ్గా ఉన్న మామూలు టైర్లు నేల మీద దొర్లడానికి తినే శక్తి సుమారు 33 వాట్లు. అదే టైర్లలో గాలి తగ్గి దొర్లుడు గుణకం 0.008 నుంచి 0.012కి పెరిగితే 50 వాట్లు. తేడా 17 వాట్లు. బీబీ కొలత మార్చి మిగుల్చుకునే దానికి ఇది వంద రెట్లు. పంపుతో రెండు నిమిషాలు గాలి కొట్టుకుంటే వచ్చే లాభం ఇది. కొత్త బీబీ కోసం కొత్త ఫ్రేము కొనేముందు టైరును బొటనవేలితో నొక్కి చూసుకోవడం నయం.

బేరింగును చంపేది బరువు కాదు

పెద్ద బేరింగు ఎక్కువకాలం మన్నుతుందన్నది తరచుగా వినిపించే మరో మాట. దీన్నీ లెక్కిద్దాం. బీబీ30, పీఎఫ్30, బీబీ386లలో ఉండేది 6806 బేరింగు. లోపలి వ్యాసం 30, బయటిది 42, మందం 7 మి.మీ. పరిశ్రమల్లో వాడే మామూలు కొలత ఇది. రాణిగంజ్‌లో బేరింగులమ్మే షాపుల్లో ఆ అంకె చెప్పి అడగొచ్చు. ఇది మోయగల భారం పట్టికల్లో సుమారు 4.5 కిలోన్యూటన్లు. దాని మీద నిరంతరం 600 న్యూటన్ల భారం వేసినా, పదింటిలో తొమ్మిది బేరింగులు 42 కోట్ల చుట్లు తిరిగాకే అలసటతో పాడవుతాయని సూత్రం చెబుతుంది.

రోజూ మనం ఎన్ని చుట్లు తొక్కుతాం? 44 పళ్ల చైన్‌వీల్, 18 పళ్ల ఫ్రీవీల్ ఉన్న 28 అంగుళాల సైకిలు పెడల్ ఒక చుట్టుకు సుమారు 5.4 మీటర్లు పోతుంది. రోజుకు పది కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తొక్కితే ఐదున్నర లక్షల చుట్లు. ఆ లెక్కన బేరింగు 760 ఏళ్లు పనిచేయాలి. సికిందర్ జా పేరు మీద ఈ ఊరు వెలిసింది 1806లో. ఆనాడు బిగించిన బేరింగు ఇంకా తొలి వయసులోనే ఉండాలి.

అలా ఉండదని తొక్కే ప్రతివారికీ తెలుసు. రెండు వానాకాలాలకే గరగరమంటుంది. భారం మోసి అలిసిపోయి కాదు, లోపలికి నీళ్లు, ఇసుక పోయి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఏడాది వర్షపాతం సుమారు 800 మి.మీ. సింహభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మిగతా నెలల్లో రోడ్డు పనుల దుమ్ము. ముందు చక్రం ఎగజిమ్మే బురదనీళ్లు పడేది సరిగ్గా బీబీ మీదే. పైనుంచి మరో దారి ఉంది. సీటు గొట్టం అంచు దగ్గర జారిన నీళ్లు లోపలే దిగి షెల్లులో చేరతాయి. దాన్ని ఎవరూ గమనించరు. కార్బన్ ఫ్రేములకు అడుగున చిన్న రంధ్రం లేకపోతే ఆ నీళ్లు అక్కడే నిలిచిపోతాయి. వానలో తొక్కాక సీటు తీసి, సైకిలును తలకిందులు చేసి ఓ గంట ఉంచితే బీబీ ఆయుష్షు పెరుగుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. కార్లు కడిగే ప్రెషర్ పైపును మాత్రం బీబీ మీదికి ఎన్నడూ పెట్టకూడదు. వాన చేయలేని పని అది చేస్తుంది: సీలును దాటించి నీళ్లను లోపలికి తోసేస్తుంది.

ఈ కోణంలో చూస్తే లావు ఇరుసు కొన్ని ఫ్రేముల్లో నష్టమే. బీబీ86 షెల్లు లోపలి వ్యాసం 41 మి.మీ. అని చెప్పుకున్నాం. అందులో 24 మి.మీ. ఇరుసు పెడితే బాల్స్‌కీ సీళ్లకూ తగినంత చోటు మిగులుతుంది. అదే షెల్లులోకి 30 మి.మీ. ఇరుసు తోస్తే, వైపుకు 3 మి.మీ. చొప్పున చోటు తగ్గిపోతుంది. బాల్స్ చిన్నవవుతాయి, సీలు పలచబడుతుంది. అందుకే ఒకే ఫ్రేములో ఒకరి బీబీ మూడేళ్లు నడిస్తే ఇంకొకరిది ఏడాదికే పోతుంది. షిమానో 2003 నుంచి ఈనాటి దాకా తన ఇరుసు 24 మి.మీ. దాటించలేదు. 2021లో వచ్చిన 12 గేర్ల డ్యూరా ఏస్‌లోనూ అదే కొలత. ప్రపంచంలోనే అతి పెద్ద సైకిల్ విడిభాగాల కంపెనీ ఇన్నేళ్లుగా ఆ అంకె దగ్గరే నిలబడిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కిర్రుమనే ఫ్రేములు

మరలున్న షెల్లులో కప్పును మరలు పట్టుకుంటాయి. హాలోటెక్ కప్పును 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బలంతో బిగిస్తారు. కాస్త అటూ ఇటూ ఉన్నా మరల నిడివి అంతా కలిసి దాన్ని కదలనివ్వదు. మరలు లేకుండా నొక్కి కూర్చోబెట్టే ప్రెస్‌ఫిట్‌లో కప్పును గాని బేరింగును గాని పట్టుకునేది గొట్టం గోడ ఒత్తిడి ఒక్కటే. రంధ్రం బేరింగు కంటే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే తక్కువగా ఉండాలి. తల వెంట్రుక మందం కన్నా తక్కువ తేడా అది. ఎక్కువ తగ్గితే బేరింగు నలిగిపోయి బిగుసుకుంటుంది. తగ్గకపోతే ప్రతి తొక్కుడుకూ సన్నగా కదిలి కిర్రుమంటుంది. రెండు వైపుల రంధ్రాలూ ఒకే గీత మీద ఉండాలి కూడా. లక్షల ఫ్రేములు అచ్చుపోసేటప్పుడు ప్రతిదానిలో ఇంత నిక్కచ్చితనం రావడం కష్టం.

మరి కంపెనీలు దీన్ని ఎందుకు ఎంచుకున్నాయి? కార్బన్‌లో మరలు నేరుగా తీయలేం. అల్యూమినియం గొట్టం ఒకటి అతికించి, దానిలో మరలు తీయాలి. ఆ పని ఎగ్గొడితే తయారీ ఖర్చు, కొన్ని పదుల గ్రాముల బరువు తగ్గుతాయి. షెల్లు వెడల్పైతే కింది గొట్టాన్నీ వెనక ఫోర్కునూ వెడల్పుగా తీయొచ్చు, ఫ్రేము బిగువు పెరుగుతుంది. ఇది నిజమైన లాభమే, కాదనను. అయితే అది వెడల్పు వల్ల వచ్చిన లాభం, ప్రెస్‌ఫిట్ వల్ల వచ్చింది కాదు. ఈ రెండింటినీ బ్రోచర్లు ఒకే మూటగా కట్టి చూపించాయి.

ఆ మూట విప్పింది 2015లో క్రిస్ కింగ్, ఆర్గోనాట్ కంపెనీలు కలిసి తెచ్చిన టీ47. 47 మి.మీ. వ్యాసంతో మరలు, అంటే పీఎఫ్30 అంత లావైన షెల్లు, కానీ బిగించే తీరు పాతదే. 24 ఇరుసు పడుతుంది, 30 ఇరుసూ పడుతుంది. ట్రెక్ 2019లో తన డొమాన్‌ను బీబీ90 నుంచి టీ47కి మార్చింది. స్పెషలైజ్డ్ 2020లో టార్మాక్ ఎస్ఎల్7ను నేరుగా 68 మి.మీ. బీఎస్ఏ మరలతో తెచ్చింది. బీబీ30ని పుట్టించిన కానన్‌డేల్ కూడా 2023లో తన సూపర్‌సిక్స్ ఈవోకు బీఎస్ఏ మరలే పెట్టింది. ఇవి ప్రపంచ టూర్ రేసుల్లో పరుగెత్తే బైకులు. వాటి మీద తొక్కేవారికే 68 మి.మీ. మరల షెల్లు చాలినప్పుడు, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాకా వెళ్లొచ్చేవారికి చాలకపోవడమంటూ ఉండదు.

మరి ఏం చేయాలి

రోడ్‌స్టర్ తొక్కేవారికి ఈ చర్చతో పనిలేదు. వానాకాలం ముందోసారి, తరువాత ఒకసారి బాల్స్ తీసి గ్రీజు పెట్టించుకుంటే చాలు. గేర్ల సైకిలున్నవారు మాత్రం ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. బీఎస్ఏ షెల్లులో కుడివైపు కప్పుకు తిరుగుడు మరలుంటాయి. అది విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలి. ఎడమవైపుది మామూలే. ఇది తెలియని చేతుల్లో ఉలి, సుత్తి దెబ్బలకు మరలు చెడిపోయిన ఫ్రేములు చాలా ఉన్నాయి.

2005లో ఫైర్‌ఫాక్స్ సైకిళ్లు వచ్చాక మన దగ్గర గేర్ల సైకిళ్ల మార్కెట్టు మారింది. పది, ఇరవై, ముప్పై వేల సైకిళ్లు అపార్టుమెంట్లలోకి వచ్చాయి. వాటిలో చాలావాటికి కార్ట్రిడ్జి బీబీయే ఉంటుంది. అది అరిగిపోతే మళ్లీ అలాంటి సీలు కార్ట్రిడ్జినే వేయించుకోండి. వెయ్యి రూపాయల చుట్టుపక్కల అయిపోతుంది. కొనేముందు ఇరుసు పొడవు చూసుకోవాలి. అది మారితే చైన్ గీత తప్పుతుంది. క్రాంకు కూడా అరిగిపోయి, రెండూ కలిపి మార్చాల్సి వస్తే మాత్రం 24 మి.మీ. బయటి కప్పుల సెట్టుకు వెళ్లడం నిజంగా విలువైన మెరుగుదల. బీబీ ఒక్కటీ రెండు వేల చుట్టుపక్కల. ఫ్రేము మార్చక్కర్లేదు. విప్పడానికి క్రాంకు పుల్లర్ కూడా అక్కర్లేదు, అలెన్ కీ, కప్పు పానా చాలు. ఆ పానాలోనూ షిమానో మూడు కొలతలు చేసింది. పాత కప్పులకు 44, తరువాతివాటికి 41, డ్యూరా ఏస్‌కు 39 మి.మీ. కప్పు కొన్నప్పుడే దానికి సరిపడే పానా మెకానిక్కు దగ్గర ఉందో లేదో అడగండి.

ప్రెస్‌ఫిట్ ఫ్రేము ఇప్పటికే ఉన్నవారు దాన్ని అమ్మేయాల్సిన పని లేదు. శబ్దం లేకపోతే దాన్ని కదపొద్దు. శబ్దం వస్తే వెంటనే బీబీని నిందించకుండా, ముందు పెడళ్లు విప్పి గ్రీజు పెట్టి బిగించండి. తరువాత చైన్‌రింగ్ బోల్టులు, సీటు గొట్టం, వెనక చక్రం ఇరుసు. కార్బన్ గొట్టాల్లో శబ్దం ఎక్కడ పుట్టినా కిందినుంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. ఇవన్నీ చూశాక కూడా కిర్రుమంటే, షెల్లు లోపల రెండు కప్పులూ ఒకదానిలో ఒకటి మరలతో బిగుసుకునే రకం బీబీలు దొరుకుతున్నాయి. గోడ ఒత్తిడి మీదే ఆధారపడవు కాబట్టి చాలా ఫ్రేముల్లో శబ్దం ఆగిపోతుంది. ప్రెస్‌ఫిట్ బీబీని సుత్తితో కొట్టి దించే షాపులో మాత్రం ఇవ్వకండి. బేరింగు ప్రెస్ పనిముట్టు ధర బీబీ ధర కంటే ఎక్కువ. అది ఉన్న షాపులు ఊళ్లో కొన్నే. ఈ ఫ్రేముకు అయ్యే అసలు అదనపు ఖర్చు అక్కడే ఉంది.

దూరాలు తొక్కేవారి సంగతి వేరుగా చెప్పాలి. బ్రెవే అనే దూరపు సవారీల్లో 600 కిలోమీటర్లదాన్ని 40 గంటల్లో పూర్తిచేయాలి. జంట నగరాల్లో అలాంటివి తొక్కేవారు చాలామందే ఉన్నారు. రాత్రి రెండు గంటలకు నల్గొండ దాటాకో కర్నూలు దారిలోనో బీబీ బిగుసుకుపోతే 40 గ్రాముల లాభం ఎవరికీ పనికిరాదు. మరల షెల్లు అయితే పక్క ఊరి సైకిలు షాపులో ఎవరో ఒకరు ఏదో ఒకటి బిగించి పంపగలరు. ఈ రకం తొక్కుడుకు ఫ్రేము కొనేవారు ముందు అడగాల్సింది గేర్లెన్ని అని కాదు, షెల్లు ఏ రకం అని.

అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాకు మీదే తిరిగే కార్బన్ బైకుకు ఎండ, వాన రెండూ తక్కువే. అక్కడ పీఎఫ్30 అయినా, బీబీ86 అయినా చాన్నాళ్లు మౌనంగా నడుస్తుంది. అలా తొక్కేవారు కొత్తగా కొంటున్నా సరే, ఒకే ధరలో టీ47 గాని బీఎస్ఏ గాని దొరికితే అదే తీసుకోమంటాను. పాత ఫ్రేము కొంటున్నవారు వెర్నియర్ కాలిపర్ వెంట తీసుకెళ్లండి. క్రాంకు విప్పించి చూస్తే షెల్లు వెడల్పు 68, లోపల సన్నని మరలు కనిపిస్తే అది బీఎస్ఏ. వెడల్పు 70, మరలుంటే ఇటాలియన్. అందులో రెండు వైపులా మామూలు మరలే కాబట్టి కుడి కప్పు వదులవుతుంటుంది, తరచుగా చూసుకోవాలి. మరలు లేకుండా లోపలి వ్యాసం 37 వస్తే ట్రెక్ బీబీ90. 41 వస్తే బీబీ86, 42 వస్తే బీబీ30. 46 వచ్చిందంటే వెడల్పు కూడా కొలవాలి: 68 అయితే పీఎఫ్30, 79 అయితే బీబీరైట్, 86.5 అయితే బీబీ386. బీబీ90లో బేరింగు నేరుగా కార్బన్‌లో కూర్చుంటుంది. ఆ రంధ్రం ఒకసారి అరిగిందంటే కొత్త బేరింగు అందులో నిలవదు. అలాంటి పాత ఫ్రేము ఎంత చవకగా వచ్చినా, బేరింగులు తీయించి రంధ్రం కొలిచి చూడకుండా డబ్బు చేతిలో పెట్టకండి.